ఒకే పనికి నాలుగు లెక్కలు

మహాశివరాత్రినాటి రాత్రి, లింగోద్భవ సమయమున, శ్రీశైల దేవాలయములోని దీపములన్నియు ఆర్పుదురు. ఆ చీకటిలో ఒక నేతకాడు దిగంబరుడై, మల్లికార్జునస్వామివారి గర్భాలయ విమానమునుండి ముఖమండపముమీది నందుల వరకును ఒక పొడవైన వస్త్రమును చుట్టును. దీనికే పాగాలంకరణమని పేరు. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబమువారు ఈ పాగాను దినమునకొక మూర చొప్పున సంవత్సరమంతయు నేయుదురు. 365 దినములు, 365 మూరలు. పని యెంతవరకు వచ్చినదో తెలిసికొనుటకు ఎవ్వరిని అడుగనక్కరలేదు. నేసిన బట్టను కొలిచిన చాలును. అక్కడ పనియే లెక్క, లెక్కయే పని.

లోకములోని పనులన్నియు ఇట్లుండిన ఎంత బాగుండును! కాని పదిమంది కలిసి చేయు పనికి ఇట్టి సౌలభ్యము లేదు. ఎవరు చేయవలెను, ఎప్పటికి చేయవలెను, ఎంత అయినది అను మూడు ప్రశ్నలకును ఎక్కడనో ఒకచోట వ్రాసి పెట్టుకొనక తప్పదు. ఆ వ్రాసి పెట్టుకొను చోటు ఒక్కటియే అయినచో చిక్కు లేదు. రెండు మూడు అయినప్పుడే చిక్కు.

మే మెరిగిన ఒక కార్యాలయములో ఈ మధ్య జరిగిన సంగతి చెప్పుదుము. అక్కడ పనుల నమోదుకు ఒక రిజిస్టరు కలదు. అది చాలదని కంప్యూటరులో ఒక పట్టిక పెట్టిరి. అదియు చాలదని అందరి సెల్‌ఫోనులలోను ఒక వాట్సాప్ గ్రూపు ఏర్పరచిరి. ఒక వృద్ధురాలి పింఛను కాగితము ఆ మూడింటి నడుమ చిక్కుకొన్నది. రిజిస్టరులో ‘పంపనైనది’ అని ఉన్నది. కంప్యూటరు పట్టికలో ‘పంపవలెను’ అని ఉన్నది. గ్రూపులో ఎవరో ‘చూచుచున్నాను’ అని వ్రాసి ఊరకుండిరి. కాగితము మాత్రము సొరుగులోనే ఉన్నది. ఆమె మూడు నెలలు తిరిగినది. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరక అనలేదు. పదిమందియే కానక్కరలేదు, పది పుస్తకములున్నను పాము చావదు.

ఇది యంత్రయుగమునకు వచ్చిన క్రొత్త జబ్బని కొందరు తలతురు. శ్రీశైలమును, దాని చుట్టునున్న కర్నూలు, కడప సీమలను చూచినచో ఈ చిక్కు ఎంత పాతదో, మన పూర్వులు దానిని ఎట్లు విడదీసికొనిరో, విడదీసికొనలేనప్పుడు ఎవరు నష్టపోయిరో తెలియగలదు.

మొదట శిలను చూతము. శ్రీశైలము రాజుల దానములతో పెరిగిన క్షేత్రము. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకును అహోబలమునకును సోపానములు కట్టించెను. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయలు మల్లికార్జునునకు ముఖమండపము కట్టించెను. శ్రీకృష్ణదేవరాయలు 1515లో తూర్పు దండయాత్ర నడుమ స్వామిని దర్శించి కానుకలు సమర్పించెను. ఇట్టి దానములను శిలలపై చెక్కించుట ఆచారము. శాసనమున్న రాతి తలమీద తరచుగా సూర్యచంద్రులుందురు. వారు ఉన్నంతవరకు ఈ ధర్మము సాగవలెనని దాని అర్థము.

అయితే శిలాశాసనము కేవలము కీర్తిపత్రము కాదు. చాల శాసనములు పనులను పంచిపెట్టిన పత్రములు. తూర్పున దాక్షారామ భీమేశ్వరాలయములో 12వ శతాబ్దినాటి శాసనములను చూచినచో ఈ సంగతి తేటపడును. దాత ఒక అఖండదీపమునకు 25గాని, 50గాని, 55గాని గొఱ్ఱెలను ఇచ్చును. వానిని ఒక బోయ పేర అప్పగించును. ఆ బోయయు, అతని కొడుకులును, మనుమలును దినమునకు మానెడు నెయ్యి దీపమునకు పోయవలెను. ఎవరు, ఏ పని, ఎంత, ఎన్నినాళ్ళు అన్నియు అందులో కలవు. నేటి కార్యాలయములలో పని అప్పగించు పత్రమునకు ఇంతకంటె కావలసిన దేమి?

ఒకటి కావలెను. నేటి ఉదయమున నెయ్యి వచ్చినదా, రాలేదా? ఈ ప్రశ్నకు శిల సమాధానము చెప్పలేదు. గొఱ్ఱెలు చచ్చును, పుట్టును. రాతిమీద మాత్రము ఎప్పుడును 50 గొఱ్ఱెలే. మాట ఇచ్చినట్లు శిల చెప్పును, మాట నిలిచినట్లు చెప్పలేదు.

రెండవది తామ్రపత్రము. శిల దేవాలయములో నిలిచియుండును, రాగిరేకు పుచ్చుకొన్నవాని యింట ఉండును. దానము పొందినవాడు తన హక్కునకు ఆధారముగా దానిని దాచుకొనును. విజయనగరపు విరూపాక్షరాయలు 15వ శతాబ్దిలో శ్రీశైలమున ఇచ్చిన తామ్రశాసనము చరిత్రకారులకు చిరకాలముగా తెలిసినదే. శ్రీశైలములోని పంచమఠములలో ఒకటియైన ఘంటామఠమును జీర్ణోద్ధరణ చేయుచుండగా 2021లో మరికొన్ని తామ్రపత్రములు బయల్పడినవి. తరతరములుగా అవి చెక్కుచెదరలేదు. ఎవ్వరును వానిని తీసి చూడలేదు గనుకనే అంత భద్రముగా ఉన్నవి. ఇందులో ఒక పాఠము కలదు. మిక్కిలి భద్రమైన లెక్క తరచుగా ఎవ్వరును వాడని లెక్కయే.

మూడవది తాటాకు కవిలె. గ్రామ కరణము పొలముల కొలతలు, పన్నులు, మాన్యములు, ఊరి పూర్వచరిత్ర ఆకులమీద గంటముతో వ్రాసి కట్టగా కట్టియుంచెడివాడు. దీనికే దండకవిలె యని పేరు. ఆకు పాతబడినచో క్రొత్త ఆకుమీద తిరుగ వ్రాయవలెను. తిరుగ వ్రాయునప్పుడెల్ల చేయి జారుటకును, చేయి కావలెనని జరుగుటకును అవకాశము కలదు. అయినను సంవత్సరముల లెక్కకు ఇంతకంటె తగిన సాధనము ఆనాడు లేదు.

నాలుగవది కడితము. దళసరి గుడ్డకు చింతగింజల గంజియు బొగ్గుపొడియు పట్టించి నల్లగా చేసి, మడతలు మడతలుగా పుస్తకమువలె కట్టుదురు. దానిమీద బలపముతో వ్రాయుదురు. తప్పుపోయినను, పని తీరినను తుడిచి మరల వ్రాయవచ్చును. కరణములు, వర్తకులు, మఠములు దీనిని వాడిరి. శృంగేరి మఠపు కడితములు నేటికిని ప్రసిద్ధములు. శిలమీద చెరపరాదు, కడితముమీద చెరపవచ్చును. చెరపవచ్చుననుటయే దాని గొప్పతనము. నేడు రావలసినది, రేపు ఇయ్యవలసినది, ఎవనిచేత ఎంత ఉన్నది అనునట్టి మారుచుండు విషయములకు అది పుట్టినది.

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి కనబడును. ఒకే దీపము సంగతి నాలుగింటిలోను ఉండవచ్చును. కాని నాలుగును నాలుగు ప్రశ్నలకు సమాధానములు. మాట ఏమని శిల చెప్పును. హక్కు ఎవరిదని రాగి చెప్పును. ఏటేటి నడవడి ఎట్లున్నదని కవిలె చెప్పును. నేటి పని ఏమని కడితము చెప్పును. ఎవని ప్రశ్న వానికి ఉన్నంతకాలము నాలుగు లెక్కలును అన్నదమ్ములవలె కలసి ఉండును. ఒకని ప్రశ్నకు మరొకడు సమాధానము చెప్పబోయినప్పుడే తగవు.

ఇక లెక్క ఎంత చక్కగా ఉన్నను, దానిలోనికి ఎక్కని పని సంగతి యేమి? దీనికి శ్రీశైలమే సాక్షి. 18వ శతాబ్దిలో కర్నూలు నవాబులు ఈ క్షేత్రమునకు ఏలికలు. 1794లో కాలిన్ మెకంజీ అను కుంపిణీ సైనికోద్యోగి ఈ కొండకు వచ్చి, ఆలయ వర్ణన వ్రాసెను. అది 1798లో ఏషియాటిక్ రిసెర్చెస్ అను గ్రంథమాలలో వెలువడెను. 1830లో చెన్నపట్టణపు సుప్రీముకోర్టు దుబాసి ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు బయలుదేరి, కడప, అహోబలముల మీదుగా శ్రీశైలము చేరిరి. నవాబు మనుష్యులు యాత్రికులను ఆపి సుంకము పుచ్చుకొనుటయు, ఆ ధనముతో ఆలయమునకు మరమ్మతులు లేకుండుటయు ఆయన చూచి నొచ్చుకొనిరి. ఆయన దినచర్య 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడెను.

ఇందులో మనము గమనింపవలసిన దేమి? రాబడికి లెక్క కలదు. తలకింత, గుఱ్ఱమున కింత యని వసూలు నడచినది. కూలుచున్న మంటపము మాత్రము ఏ లెక్కలోను పద్దుగా లేదు. లెక్కకు యజమాని ఎవడో, లెక్కకెక్కు పనియు వానికి కావలసినదే అగును. సాధనము ఎట్టిదని విచారించుటకు ముందు, ఎవరికొరకు అని విచారింపవలెను.

ఇంతలో రాయలసీమకు ఏలిక మారెను. 1800లో నిజాము బళ్ళారి, కడప సీమలను కుంపిణీవారికి దత్తము చేసెను. అందుచేతనే వానికి దత్తమండలములని పేరు. థామస్ మన్రో 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పొలము పొలమును కొలిపించెను. కర్నూలు నవాబు 1839లో పదభ్రష్టుడై, ఆ సీమయు కుంపిణీ వశమయ్యెను. అప్పుడు లెక్కల భాషలలోనే ఒక చిక్కు ఏర్పడెను. గ్రామములో కరణము లెక్క తెలుగు. కచేరీలో మరాఠీ గుమాస్తాల లెక్క. పై అధికారులకు పంపునది ఇంగ్లీషు. ఒక రైతు కట్టిన ఒక రూపాయ మూడు భాషలలో మూడు పుస్తకములకు ఎక్కెను. ఎక్కడ తేడా వచ్చినను రైతే తిరుగవలెను.

ఇట్టి అవస్థ మనకే కలిగినదని అనుకొనరాదు. మనలను పాలించిన ఇంగ్లండులోనే ఖజానా లెక్కలకు వందలయేండ్లు గాట్లు పెట్టిన కఱ్ఱపుల్లలను వాడిరి. పుల్లను నిలువున చీల్చి, ఇచ్చినవాని కొక చీలిక, పుచ్చుకొన్నవాని కొక చీలిక. కాగితపు పుస్తకములు వచ్చిన తరువాతను పుల్లలను విడువలేదు. 1782లో చట్టము చేసియు, అవి పూర్తిగా మానుటకు 1826 పట్టెను. మిగిలిన పాత పుల్లలను 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనపు పొయ్యిలలో వేసి కాల్చగా, ఆ మంట పెచ్చుపెరిగి పార్లమెంటు భవనమే కాలిపోయెను. క్రొత్త సాధనమును తెచ్చుకొనుట తేలిక. పాతదానిని సెలవిచ్చి పంపుట కష్టము.

మన సీమలో తేడాలను తీర్చుటకు ఒక మంచి ఏర్పాటు ఉండెను. అది జమాబంది. ఫసలీ సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. ఏటికొకమారు అధికారి ఎదుట గ్రామ లెక్కలన్నియు తెచ్చి పరచవలెను. కరణము పుస్తకమును, తాలూకా పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టి అంకెకు అంకె సరిచూచెదరు. రైతులు కూడ వచ్చి చెప్పుకొనవచ్చును. జమాబందిలో లోపములు లేకపోలేదు, లంచములు లేకపోలేదు. కాని లెక్కలు వేరువేరుగా పెరిగినను ఏటికొకనాడు ఒకచోట కూడవలెనను నియమము చాల విలువైనది. కూడని లెక్కలు దూరపు చుట్టములవలె క్రమముగా ఒకరినొకరు గుర్తుపట్టలేని స్థితికి వచ్చును.

ఏ లెక్క మాట నెగ్గవలెనను ప్రశ్న అన్నిటికంటె కఠినముగా 1858లో ఎదురయ్యెను. ఆ యేట మద్రాసు ప్రభుత్వము ఇనాము కమిషనును ఏర్పరచెను. దేవాలయములలో దీపము పెట్టువారు, మేళము వాయించువారు, పూజారులు, గ్రామములలోని కమ్మరి, వడ్రంగి, తలారి మొదలగువారు మాన్యభూములమీద బ్రతుకుచుండిరి. మీ హక్కునకు ఆధార మేమని కమిషను అడిగెను. ఒకడు రాగిరేకు తెచ్చెను. ఒకడు నవాబు సన్నదు తెచ్చెను. ఒకనికి చూపుటకు ఏమియు లేదు, తాతనాటినుండి దున్నుచున్నామను మాట తప్ప. 1802నాటి ఇనాము రిజిస్టర్లును, గ్రామ లెక్కలును మరొకప్రక్క ఉండెను.

కమిషను ఒక నియమము పెట్టుకొన్నది. 50 ఏండ్ల అనుభవము రుజువైనచో పత్రము లేకున్నను హక్కు నిలుచును. దేవాలయ సేవా మాన్యములు ఆ సేవ జరుగుచున్నంత కాలము నిలుచును. ఈ నియమమువలన పత్రము లేని పేదవారు ఎందరో గట్టెక్కిరి. కాని పత్రముండియు భూమి చేజారినవారికి ఆ పత్రము భూమిని తిరిగి తెచ్చి పెట్టలేదు. రాతిలో సూర్యచంద్రులున్నంతవరకు అని ఉన్న మాట, నడచిన అనుభవము ముందు తల వంచినది. ఇది న్యాయమా, అన్యాయమా యని నేటికిని వాదించుకొనవచ్చును. ఒకటి మాత్రము నిజము. ఏ లెక్క చెల్లునో ముందుగా నిర్ణయించి, అందరికి తెలియజేసి, ఆ నిర్ణయమును ఒక రిజిస్టరులో ఎక్కించి తగవును ముగించిరి. ఆనాటి ఇనాము ఫేరు రిజిస్టరును న్యాయస్థానములు నేటికిని సాక్ష్యముగా చూచుచున్నవి.

ఇంతకు పూర్వమే పాత లెక్కలు నశించునను భయముతో ఇద్దరు పనిచేసిరి. శ్రీశైల వర్ణన వ్రాసిన మెకంజీయే కావలి సోదరులు మొదలగువారి సహాయమున ఊరూరి కవిలెలనుండి కైఫియత్తులు వ్రాయించెను. కడపలో కొంతకాలము ఉద్యోగము చేసిన బ్రౌను దొర ఆ కైఫియత్తులు పాడగుట చూచి మరల కాగితముమీదికి ఎత్తి వ్రాయించెను. వారు క్రొత్త లెక్క పెట్టలేదు, ఉన్నదానిని ఒక చోటికి చేర్చిరి. నేడు రాయలసీమ గ్రామముల చరిత్ర వ్రాయువారందరును ఆ ఇద్దరికి ఋణపడియున్నారు.

పిమ్మటి కథ మనకు తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో కరణీకము రద్దయ్యెను. ఊరి లెక్క ఒక కుటుంబము చేతినుండి ప్రభుత్వోద్యోగి చేతికి పోయెను. 2015లో మీ భూమి అను పేర అడంగలు కంప్యూటరు తెరమీదికి వచ్చెను. కరణము ఇంటి గడప తొక్కనక్కర లేకుండ రైతు తన పొలము వివరము చూచుకొనగలుగుట గొప్ప మేలు. కాని తెరమీద ఒకటియు, పాసుపుస్తకములో ఒకటియు, పొలములో ఒకటియు ఉన్నచో పాత ప్రశ్నయే మరల లేచును. ఏది తల్లి లెక్క? ఏవి పిల్ల లెక్కలు?

మా కార్యాలయములో ఏ సాధనము పెట్టుకొనవలెనని అడుగువారు నేడు చాలమంది కలరు. వారికి మనము ఒక పేరు చెప్పి పంపుట తగదు. ఈ చరిత్రనుండి మూడు మాటలు మాత్రము చెప్పవచ్చును. మొదటిది, ప్రతి సాధనమునకు ఒక్క ప్రశ్నను అప్పగింపుడు. నిబంధన ఉండవలసినచోట తుడుపుగుడ్డ పెట్టరాదు, దినదినము మారు పనిని శిలపై చెక్కరాదు. రెండవది, రెండు లెక్కలు తేడా పడినప్పుడు ఏది చెల్లునో తగవు రాకమునుపే తేల్చుకొనుడు. తేల్చుకొనిన పిమ్మట రెండవదానినుండి ఆ పద్దును తీసివేయుడు. మూడవది, ఒక జమాబంది దినమును పెట్టుకొనుడు. వారమునకో నెలకో ఒకమారు పుస్తకములన్నియు ఒక బల్లమీదికి రావలెను. ఆ బల్ల దగ్గర పని చేసినవానికి మాత్రమే కాక, పని కావలసినవానికి కూడ చోటుండవలెను. మంటపము కూలుచున్నదని చెప్పు యాత్రికునకు ఆనాడు అట్టి చోటు లేకపోయెను.

మొదట చెప్పిన వృద్ధురాలి కాగితము చివరకు కదలినది. అది కదలుటకు క్రొత్త సాధనమేదియు కారణము కాదు. ఒక గుమాస్తా మూడు లెక్కలను ఒకచోట పరచి చూచి, రిజిస్టరులోని ‘పంపనైనది’ అను మాట అబద్ధమని కనిపెట్టి, సొరుగు తెరచినాడు. ఆ కార్యాలయమువారు నేడు రిజిస్టరునే తల్లి లెక్కగా ఉంచుకొని, కంప్యూటరు పట్టికను ఎత్తివేసిరి. గ్రూపును మాత్రము కబుర్లకు విడిచిరి.

మరల మహాశివరాత్రి వచ్చును. దీపములు ఆరిన చీకటిలో 365 మూరల పాగా విమానమును చుట్టుకొనును. ఆ చీకటిలో ఏ పుస్తకమును తెరచి చదువలేము, చదువనక్కరయు లేదు. ఏడాదిలో ఒక్కదినము నేత తప్పియుండిన, ఆ కొరత బట్టలోనే తెలియును. మన పనుల లెక్కలు అంత నిజమైనవి కాలేకపోవచ్చును. కాని లెక్క చూచినవానికి పని కనబడవలెను, పని చూచినవానికి లెక్క కనబడవలెను. అంతవరకైనను మనము చేరుకొనవచ్చును.